గేటు లేని ఫోటో

ఫోటోలో ఖాళీ జాగా కనిపిస్తే, పత్రికలో ఫోటోలు ఎంచి వేసే మా డెస్కు వాళ్లకు ప్రాణం ఒప్పేది కాదు. "సార్, మీ ఫోటోల్లో ఆకాశం సగం, నేల సగం. మనుషులెక్కడ సార్?" అని నవ్వేవారు. నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి. ప్రొద్దుటూరులో కాపురముండి, జమ్మలమడుగు వైపు పల్లెలన్నీ మోటారు సైకిలు మీద తిరిగి, ఒక దినపత్రికకు ఫోటోలు పంపి బతికినవాణ్ణి నేను. ఇప్పుడు పని మానేశాను. ఈమధ్య పత్రికల్లో, వెబ్‌సైట్లలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు వచ్చి, మీ అనుభవం ఒకటి రాయండి, మాకు పనికొస్తుంది అన్నారు. పనికొస్తుందో లేదో నాకు తెలియదు. చెప్పుకోదగ్గ మంచి ఫోటోలు నేనూ కొన్ని తీశాను. కానీ రాయమంటే చేతికి వచ్చేది ఈ ఒక్కటే.

దూరంగా నిలబడి వెడల్పుగా తీయడం నాకు పనితనం లేక వచ్చిన అలవాటు కాదు. ముఠా కక్షల రోజుల్లో నేర్చుకున్న జాగ్రత్త. మా వైపు పల్లెల్లో ఫోటోను ముందుగా అందం కోసం ఎవరూ చూడరు. ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో చూస్తారు. పెళ్లిళ్లకు పోయే స్టూడియో వాళ్లు సైతం మొదట ఇంటి పెద్దను పక్కకు పిలిచి, ఎవరిని ఎవరితో కలిపి నిలబెట్టకూడదో అడిగి తెలుసుకునేవారు. పెళ్లికూతురి మేనమామ ఒక వర్గం, పెళ్లికొడుకు బాబాయి ఇంకో వర్గం అయితే ఇద్దరికీ వేరువేరు ఫోటోలు. అందుకే నేను ఏ నాయకుణ్ణి తీసినా రోడ్డు, గోడ, కరెంటు స్తంభం, దారిన పోయే మనుషులు అందరూ పడేటట్టు తీసేవాణ్ణి. ఎవడు ఆయన వెంట వచ్చాడో, ఎవడు తన పని మీద ఆ దారిన పోతున్నాడో చూసినవాడికి తెలిసిపోవాలి. అచ్చు పత్రికలో ఆ పద్ధతి చాలాకాలం చెల్లింది.

తర్వాత మా పత్రికకు వెబ్‌సైటు వచ్చింది. జనం ఫోన్లలో వార్తలు చూడటం మొదలుపెట్టారు. అరచేతంత అద్దంలో నా రోడ్లూ గోడలూ పడితే మనుషులు చీమల్లా కనిపించేవారు. దాంతో కడపలోని డెస్కుకు ఒక కొత్త రూలు వచ్చింది. మొహాలు పెద్దవిగా ఉండాలి, పనికిరాని జాగా కోసెయ్యాలి. ఆ కోత పనికి ఒక అమ్మాయిని తీసుకున్నారు. గుంటూరు వైపు పిల్ల. ఇంకా పాతికేళ్లు కూడా ఉండవు. పనిలో గట్టిది. ఒక ఫోటో ఇస్తే అందులో చూపు ఎక్కడ ఆగాలో ఆమెకు తెలిసేది. నేను తీసిన మామూలు ఫోటో ఆమె చేతిలో పడి, అటూ ఇటూ కోతపడి, పైకి వచ్చేసరికి నాకే కొత్తగా కనిపించేది. మంచి పిల్ల కూడా. నేను ఎండలో తిరిగి వచ్చానని తెలిస్తే ముందు "భోజనం చేశారా సార్?" అని అడిగి, ఆ తర్వాతే ఫోటో గురించి మాట్లాడేది. డెస్కులో అలా అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఇక ఆ ఊరి సంగతి. పేరు అవసరం లేదు. జమ్మలమడుగుకు మోటారు సైకిలు మీద పోయి వచ్చేంత దూరం. ఊళ్లో రెండు వర్గాలు. ఒక వర్గానికి అప్పటి సర్పంచు పెద్ద, రెండో వర్గానికి మాజీ సర్పంచు. ఒకరు ఒక పార్టీ, ఇంకొకరు ఇంకో పార్టీ. ఒకరు పార్టీ మారితే రెండోవారు అటునుంచి ఇటు మారేవారు. ఎన్నో ఏళ్ల కిందట సర్పంచు తమ్ముణ్ణి చంపారు. ఆ కేసులో మొదటి ముద్దాయి మాజీ సర్పంచు. కేసు ఏళ్ల తరబడి నడిచి, సాక్షులు ఒక్కొక్కరే మాట మార్చి, చివరికి జమ్మలమడుగు కోర్టులో కొట్టుడుపోయింది. ఆ తీర్పు రోజున ఫోటో తీయడానికి నన్ను పంపారు.

పన్నెండు దాటినాక మాజీ సర్పంచు కోర్టు బయటికి వచ్చాడు. అనుచరులు కార్ల దగ్గరికి పరుగెత్తారు. ఆయన మాత్రం కోర్టు ముందరి సందులో ఒక్కడే నిలబడి, వెనక వస్తున్న వకీలుకు నమస్కారం పెట్టడానికి ఇటు తిరిగాడు. నేను కోర్టు మెట్ల మీద నుంచి కెమెరా ఎత్తాను. సందుకు ఆవలి వైపు పశువుల ఆసుపత్రి ఉండేది. దానికి నడుము ఎత్తు ఇనుప కమ్మీల గేటు. గేటు లోపల, చెట్టు మొదట్లో, జబ్బు చేసిన గొర్రెపిల్లను కాళ్ల దగ్గర పడుకోబెట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కెమెరాలోంచి చూసి గుర్తుపట్టాను. ఆ ఊళ్లో గొర్రెలు మేపుకునే ఆయన. మా అమ్మ పుట్టిన ఊరూ ఆ ఊరే. అందువల్ల నేను ఆయన్ను మామా అని పిలిచేవాణ్ణి. ఆ వైపు పోయినప్పుడల్లా ఆయన మంద దగ్గర ఆగి, మజ్జిగ తాగి రావడం నాకు అలవాటు. ఆయన కూడా నన్ను చూశాడు. చూసి, పండ్లన్నీ కనపడేట్టు నవ్వాడు. అదే క్షణంలో నేను బటన్ నొక్కాను.

పని అయినాక గేటు దగ్గరికి పోయి పలకరించాను.

"ఏం మామా, ఈడుండావు?"

"పిల్ల మేత ముట్టకుండా ఉండాదప్పా. డాక్టరు యాడికో పోయినాడంట. కూసోమన్నారు. అదేంది, అంతమంది జనం?"

"మీ మాజీ సర్పంచు కేసు కొట్టేసినారు."

"అట్లనా," అన్నాడు. అంతే. మళ్లీ గొర్రెపిల్ల చెవులు పట్టుకుని చూడటంలో పడ్డాడు. ఆ ఊళ్లో ఏ వర్గంలోనూ లేని ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందులో ఆయనది ఒకటి. గొర్రెలకు ఇద్దరి పొలాలూ కావాలి. పంట కోసిన చేలో రాత్రిపూట మందను ఆపితే ఆ ఎరువుకు చేను బలపడుతుంది. సర్పంచు చేలోనూ ఆయన మందే నిలిచేది, మాజీ సర్పంచు చేలోనూ ఆయన మందే నిలిచేది. ఎవరి ఇంటి ముందూ కూర్చోకుండా, ఎవరి వెనకా నడవకుండా అన్నేళ్లు నెట్టుకొచ్చాడు. ఆ ఊళ్లో అది చిన్న సంగతి కాదు.

నెట్ సెంటర్ నుంచి ఫోటో పంపి ఇంటికి వచ్చేశాను. సాయంత్రం ఆ అమ్మాయే ఫోన్ చేసింది.

"సార్, మీ ఫోటో పెట్టాను, చూశారా? ఎంత బాగా వచ్చిందో! ఇద్దరి మొహాలూ భలే పడ్డాయి సార్."

ఇద్దరెవరో నాకు అర్థం కాలేదు. ఫోన్లో తెరిచి చూశాను. ఫోటో సగానికి పైగా పోయింది. నడుముల కింద అంతా కోసేసరికి ఇనుప గేటు పోయింది. గొర్రెపిల్ల పోయింది. పక్కనున్న ఆసుపత్రి బోర్డు పోయింది, కార్ల దగ్గర ఉన్న మనుషులు పోయారు. మిగిలింది రెండు మొహాలు. ముందు మాజీ సర్పంచు చేతులు జోడించి ఉన్నాడు. ఆయన భుజం వెనక, చెయ్యి వేస్తే తగిలేంత దగ్గరలో, మా మామ నవ్వుతున్నాడు. దూరం నుంచి తీసే లెన్సుకు ఒక గుణం ఉంది. ముందున్నవాణ్ణీ వెనకున్నవాణ్ణీ ఒకే చోటికి తెచ్చినట్టు చూపిస్తుంది. గేటు ఉన్నంతవరకు ఆ దూరం చూసేవాడికి తెలుస్తుంది. గేటు పోయాక ఇద్దరూ కలిసి కోర్టులోంచి బయటికి వచ్చినట్టే ఉంది.

ఒక మాట నిజం చెప్పాలి. చాలా అందంగా ఉంది ఆ ఫోటో. ఒక మొహంలో భారం దిగిన నిమ్మళం, ఇంకో మొహంలో సంతోషం. నా జీవితంలో అంత బాగా కుదిరిన ఫోటో లేదేమో. ఆ తర్వాత కింద ఉన్న వాక్యం చదివాను. ‘కేసు కొట్టివేత అనంతరం అనుచరుడితో మాజీ సర్పంచు.’

"అమ్మా, ఆయన అనుచరుడు కాదు. ఆయనకు దీంతో ఏ సంబంధమూ లేదు. ఫోటో తీసెయ్, నేను పంపింది పంపినట్టు పెట్టు," అన్నాను.

"అయ్యో, అంత నవ్వుతున్నారు కదా సార్, ఆయన మనిషే అనుకున్నానండీ."

"నన్ను చూసి నవ్వినాడమ్మా."

 మేం ఫోన్ పెట్టేసేలోపే ఆ పిల్ల ఫోటో మార్చేసింది. కానీ ఆ సరికే పాత ఫోటో మా వెబ్‌సైటు దాటి జనం ఫోన్లలోకి పోయింది. మాజీ సర్పంచు మనుషులు దాని చుట్టూ పూలదండ బొమ్మ పెట్టి ఊరందరికీ పంపారు. సర్పంచు మనుషులు అదే ఫోటోలో వెనక మొహం చుట్టూ ఎర్ర గీత గీసి పంపారు.

మర్నాడు పొద్దున మామ భార్య ఊరి నుంచి బస్సెక్కి ప్రొద్దుటూరులో మా ఇంటికి వచ్చింది. గడప దగ్గరే నిలబడిపోయింది.

"అన్నా, ఏందన్నా ఇది? మా ఇంటాయన పశువులాసుపత్రికి గదా పోయింది. ఆయప్ప ఎనకాల ఎట్లొచ్చినాడు ఫోటోలో? పొద్దన్నుంచి మా ఇంటి ముందర జనం నిలబడి చూసి పోతాండారు. సర్పంచోల్ల పెద్దామె కండ్లనీళ్లు పెట్టుకుని అడిగె, ‘నా మరిది సచ్చిపోయిన కేసు పోతే నీ మొగునికి అంత నవ్వు యాడ్నుంచి వచ్చిందే’ అని. నేనేం చెప్పాల?"

కూర్చోమంటే కూర్చోలేదు. మా ఆవిడ ఇచ్చిన నీళ్లు కూడా తాగలేదు. నేను ఆఫీసుకు ఫోన్ చేసి, జిల్లా ఇన్‌చార్జిని అడిగాను. మూడు వాక్యాల వివరణ వెయ్యండి, ఫలానా మనిషికి ఆ నాయకుడితో సంబంధం లేదని రాయండి అన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. ఇలా అన్నాడు: "వివరణ వేస్తే ఆయన పేరు వెయ్యాలి, ఊరు వెయ్యాలి. ఫలానా హత్య కేసులో ఫలానా నాయకుడితో సంబంధం లేదు అని రాయాలి. అది చదివినవాడు ఏమనుకుంటాడు? సంబంధం లేకపోతే ఈ గొడవెందుకు అనుకుంటాడు. చూడనివాడు కూడా వెతుక్కుని చూస్తాడు." ఫోన్ పెట్టేశాను. 

నాకు తోచింది ఒకటే. ప్రొద్దుటూరులో ల్యాబుకు పోయి, నేను తీసిన పూర్తి ఫోటోను గోడకు తగిలించేంత పెద్దదిగా అచ్చు వేయించాను. గేటు, గొర్రెపిల్ల, ఆసుపత్రి బోర్డు మీద అక్షరాలు, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. దాన్ని చుట్టగా చుట్టుకుని, మామను వెంటబెట్టుకుని, సర్పంచు ఇంటికి పోయాను. నా ఉద్యోగంలో నేను మరిచిపోలేని రోజు అది.

సర్పంచు అరుగు మీద కుర్చీలో ఉన్నాడు. చుట్టూ ఆయన మనుషులు పది మంది దాకా ఉన్నారు. మామ మెట్ల కింద, తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేను ఫోటో పరిచి చూపించాను. సర్పంచు కళ్లద్దాలు పెట్టుకుని, వంగి, తీరుబడిగా చూశాడు. గేటు మీద వేలు పెట్టి అటునుంచి ఇటు జరిపాడు. గొర్రెపిల్ల దగ్గర వేలు ఆపాడు.

"నువ్వు ఇంత దూరం రావాల్సిన పని లేదప్పా," అన్నాడు నాతో. "ఈయప్ప గొర్రెల మనిషి, ఈయనకు వర్గం లేదని నాకు తెలీదా? నా చేన్లో గూడా మంద నిలిపినాడు."

నా గుండె కుదుటపడింది. ఆ నిమ్మళం ఎక్కువసేపు లేదు.

"నాకు తెలుసు సరే. ఊరికి తెలియాల గదా? నా తమ్ముణ్ణి సంపినోని పక్కన నిలబడి నవ్వుతాండే మనిషిని ఊరంతా చూసింది. మా పిల్లోల్లు అడుగుతాండారు, ఇది చూసి గూడా గమ్మునుంటే రేపు మన పక్కన యెవురు నిలబడతారు అని. నువ్వు తెచ్చిన ఈ పటాన్ని యెన్ని ఇండ్లకు తిప్పుతావు?"

"అన్నా, మీరొక్క మాట చెప్తే ఊరు వింటుంది," అన్నాను.

ఆయన నన్ను వదిలేసి మామ వైపు చూశాడు.

"ఒక పని చెయ్. పైకి రా. ఈ కుర్చీ పక్కన నిలబడు. ఈయప్పకాడ కెమెరా ఉండనే ఉండాది. ఒక ఫోటో దిగు నాతో. అది గూడా అందరి ఫోన్లకూ పంపిస్తాం. సరిపాయె."

నా భుజానికి కెమెరా ఉంది. నా చెయ్యి దాని మీదికి పోయింది కూడా. అందరూ మామనే చూస్తున్నారు. ఆయన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. పెట్టి, మళ్లీ కిందికి తీసేశాడు.

"వద్దులే అన్నా," అన్నాడు.

"యాల వద్దు?"

"ఇప్పుడు నీ పక్కన నిలబడితే ఆయప్ప గమ్మునుంటాడా? వానితో నిలబడినానని నీకు కోపమొచ్చె. నీతో నిలబడినానని వానికి కోపమొస్తాది. నాకు యెవురి పక్కనా వద్దన్నా. నా గొర్రెలు నాకు సాలు."

అరుగు మీద ఎవరో పళ్లు కొరికిన శబ్దం వినిపించింది. సర్పంచు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. గొంతు ఏమీ పెంచకుండానే అన్నాడు: "అయితే ఇంగ నా చేతిలో లేదప్పా. పోయిరాండి."

ఆ రోజు నేను మామ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించి ఉంటే ఏమయ్యేదో అని చాలా ఏళ్లు ఆలోచించాను. ఆయన చెప్పిందే నిజమయ్యేదేమో. సర్పంచుకు బదులు మాజీ సర్పంచు పగపట్టేవాడేమో. ఎటు తిప్పి చూసినా ఆ మనిషికి నిలబడే చోటు నాకు కనపడదు. తిరిగి వస్తుంటే దారిలో ఆయన అన్న మాట మాత్రం గుర్తుంది. "ఫోటో బాగుండాదప్పా. గొర్రెపిల్ల గూడా బాగా పడింది. అది రాత్రే సచ్చిపాయ."

తర్వాతివన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి. సర్పంచు వర్గం రైతులు తమ చేలల్లో మందను ఆపవద్దన్నారు. బావుల దగ్గర గొర్రెలకు నీళ్లు తాగనివ్వలేదు. మాజీ సర్పంచు మనుషులు ఇంటికి వచ్చి, మనోడివే కదా, మా చేలకు తోలుకో అన్నారు. ఈయన పోలేదు. చాపాడు వైపు, దువ్వూరు వైపు మందను తోలుకుని ఊరి బయటే తిరిగాడు. ఒకరోజు మందకు కాపలా ఉన్న కుక్క నోట నురగతో పడిపోయి ఉంది. మరికొన్నాళ్లకు ఎవరో మేతలో ఏదో కలిపారు. పొట్టలు ఉబ్బి గొర్రెలు వరసగా పడిపోయాయి. నేను పోయేసరికి ఆయన వాటి మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఏడవడం లేదు. చచ్చిన వాటిని ఒక్కొక్కదాన్నే కాళ్లు సరిచేసి పక్కన పెడుతున్నాడు.

ఇద్దరం ఫిర్యాదు ఇవ్వడానికి పోలీసు స్టేషనుకు పోయాం. అక్కడున్న అధికారి ఫిర్యాదు చదివి, ఫోన్ తీసి, మా ముందు పెట్టాడు. అందులో ఆ కోసిన ఫోటో ఉంది. "నువ్వు ఈయప్పవే గదా?" అన్నాడు. నేను పూర్తి ఫోటో సంగతి చెప్పబోతే అధికారి అడ్డుపడ్డాడు. "సార్, నేను చెప్పేది మీ మేలుకే. పంచాయతీ ఎన్నికలు వస్తాండాయి. రెండు వర్గాల మనుషుల్నీ బైండోవరు చేయమని పైనుంచి చెప్పినారు. ఈయన పేరు గూడా అందులో ఉండాది," అన్నాడు. గొడవలు చెయ్యనని తహసీల్దారు ముందు పూచీకత్తు రాసి ఇవ్వాలన్నమాట. అప్పటిదాకా ఊరు అన్నది. ఆ రోజు నుంచి ప్రభుత్వం కూడా ఆయన్ను మాజీ సర్పంచు మనిషి అన్నది.

తహసీల్దారు ఆఫీసులో పూచీకత్తు మీద సంతకం చేసి బయటికి వచ్చాక మామ చెట్టు కింద కూర్చుని బీడీ వెలిగించాడు.

"నువ్వు అడిగిన వాళ్లనీ అడగని వాళ్లనీ పట్టుకుని చెప్తాండావు, ఆ ఫోటో అబద్ధమని," అన్నాడు. "ఇంగ చెప్పొద్దప్పా. నువ్వొక్కడివే చెప్తాండావు. విన్నోల్లు నవ్వుతాండారు."

"మరేం చేస్తావు మామా?"

"ఒకాయన కొడతాండాడు. ఇంకొకాయన రమ్మంటాండాడు. యాడికి పోతారు యెవురైనా?"

మిగిలిన గొర్రెలను తోలుకుని ఆ వారంలోనే మాజీ సర్పంచు తోటకు పోయాడు. అక్కడ నీళ్లున్నాయి, మేత ఉంది, ఎవరూ రాళ్లు వెయ్యరు. బదులుగా మాజీ సర్పంచు అడిగింది కూడా పెద్దదేం కాదు. నలుగురితో పాటు వెంట తిరగడం, మీటింగు ఉంటే లారీ ఎక్కడం, అంతే. ఎర్రగుంట్లలో ఒకసారి పార్టీ సభ దగ్గర కనిపించాడు. మెడలో కండువా ఉంది. నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేనూ కెమెరా దించుకున్నాను.

ఎన్నికల ముందు నామినేషన్ల రోజున రెండు వర్గాలూ రోడ్డు మీద తగులుకున్నాయి. సర్పంచు వైపు మనిషి ఒకడు అక్కడికక్కడే చనిపోయాడు. ముద్దాయిల్లో మామ పేరు ఉంది. నేను ఆ సంగతి విన్నప్పుడు మొదట కోపమే వచ్చింది. మళ్లీ అనవసరంగా ఇరికించారు, ఈసారి వకీలును పెట్టి తేల్చాలి అనుకుని కోర్టుకు తెచ్చిన రోజున పోయి కలిశాను. నా మాట పూర్తి కాకముందే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేనూ కొట్టినాప్పా," అన్నాడు.

నేను నమ్మలేదు. మళ్లీ అడిగాను.

"వాళ్లు మీద పడినారు. మావోళ్ల సేతుల్లో కట్టెలుండాయి, నా సేతికీ ఒకటిచ్చినారు. ఆ పిల్లోడు నా కుక్కకు మందు పెట్టినోడని యెవురో అరిసినారు. నిజమో కాదో నాకు తెల్దు. కొట్టినా." మళ్లీ తనే, "‘మావోళ్లు’ అంటి, సూసినావా," అన్నాడు.

నేను దేనికీ తీర్పు చెప్పేవాణ్ణి కాను. చచ్చినవాడి తల్లి కూడా నాకు తెలుసు. ఆమె ముందు నిలబడి, ఇది ఒక ఫోటో వల్ల మొదలైందమ్మా అని చెప్పే ధైర్యం నాకు ఏనాడూ రాలేదు. చెప్పినా ఆమెకు అది ఎందుకు?

కేసు నడుస్తుండగానే రాజకీయం మారింది. పై స్థాయిలో ఎవరెవరో మాట్లాడుకున్నారు. మాజీ సర్పంచు, సర్పంచు ఉన్న పార్టీలోనే చేరాడు. పులివెందులలో మీటింగు పెట్టి, ఇద్దరి చేతులూ కలిపి పైకెత్తించారు. ఆ ఫోటో తీయడానికి కూడా నన్నే పంపారు. ఇద్దరికీ కలిపి ఒకే గజమాల వేశారు. ఇద్దరూ నా కెమెరా వైపు చూసి నవ్వారు. పంపిన ఫోటోను డెస్కులో కోయాల్సిన పనే పడలేదట. ఆ తర్వాత నాయకుల మీదున్న కేసులు ఒక్కొక్కటే నీరుగారిపోయాయి. చనిపోయిన పిల్లవాడి ఇంటివాళ్లు మాత్రం రాజీకి ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం వాళ్ల న్యాయం. కానీ పెద్దవాళ్లంతా జారిపోయాక ఆ కేసులో మిగిలింది చేతిలో కట్టె పట్టుకున్న వాళ్లే. మామకు శిక్ష పడింది.

ఆయన భార్య కడప జైలుకు ములాఖతుకు పోయేటప్పుడు వీలైతే నేనూ తోడు పోయేవాణ్ణి. ఊళ్లో ఇల్లు మూసేసి, ఆమె ప్రొద్దుటూరులో పత్తి మిల్లు పనికి చేరింది. మందను ఎప్పుడో అమ్మేసింది. మాజీ సర్పంచు తోటలోకి ఇప్పుడు ఆమెను రానివ్వడం లేదు. పెద్దవాళ్లు కలిసిపోయాక ఆ గొర్రెలు ఎవరికీ అవసరం లేకపోయాయి.

ఒకసారి అలా పోయి, జైలు బయట రేకుల కింద మా వంతు కోసం కూర్చుని ఉండగా నాకు ఫోన్ వచ్చింది. డెస్కులో పనిచేసిన ఆ అమ్మాయి. చాలా ఏళ్ల కిందటే హైదరాబాదులో పెద్ద సంస్థకు పోయింది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది. భోజనం చేశారా అని అడిగి, తన పాప గురించి చెప్పి, చివరికి ఎప్పుడూ అడిగేదే అడిగింది.

"సార్, ఆ గొర్రెలాయన ఎలా ఉన్నారండీ?"

"బాగుండాడమ్మా."

"ఆ రోజు మనం ఫోటో మార్చాం కదా. దానివల్ల ఆయనకు కొంతైనా మేలు జరిగిందా సార్?"

"జరిగిందమ్మా. మార్చకపోయి ఉంటే చాలా కష్టమయ్యేది."

అవతల ఆమె ఊపిరి వదలడం వినిపించింది. ఇప్పుడు తన కింద పనిచేసే పిల్లలకు, పూర్తి ఫోటో చూడకుండా, తీసినవాణ్ణి అడగకుండా కోయవద్దని చెబుతున్నానంది. మంచి పని చేస్తున్నావు తల్లీ అన్నాను. ఈ కాగితం ఎక్కడైనా ఆమె కంట పడితే నన్ను క్షమించాలి.

ఫోన్ పెట్టేశాక పక్కన కూర్చున్న మామ భార్య అడిగింది.

"యెవురన్నా?"

"అప్పట్లో ఆఫీసులో ఫోటోలు సరిచేసిన పాప."

ఆమె చీరకొంగు వేలికి చుట్టుకుంది. "బాగుండాడని చెప్పితివే," అంది. తప్పుపట్టినట్టు కాదు. "సరేలే. బిడ్డ తల్లి. ఆయమ్మకెందుకు ఇయన్నీ."

అంతలో మమ్మల్ని పిలిచారు. కంచె అవతల ఆయన వచ్చి నిలబడ్డాడు. జుట్టు తెల్లబడింది. నాకు తలూపి, భార్య వైపు తిరిగి, ఆమె ఎలా ఉందో కూడా అడగకుండా, ముందు ఇదే అడిగాడు.

"గొర్రెలు ఎట్లుండాయి?"

ఆమె కొంచెం కూడా తడబడలేదు.

"బాగుండాయి," అంది. "ఈ యేడు శానా ఈనినాయి."